సిగ్నల్ ఉన్న చోటు

ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళ గ్లాసు చేతికి రాకముందే నా నోట్లోంచి వచ్చే మొదటి మాట, "ఇల్లు ఎంతయిందండీ?" మా ఆయన పక్కనుంటే కాలు తొక్కుతాడు. తొక్కితే తొక్కనీ. పెళ్ళికెళ్తే పెళ్ళికూతురి చీర కంటే ముందు ఆ ఇంటి శ్లాబు చూస్తాను, ఎక్కడైనా చెమ్మ దిగిందేమోనని. అరకు నుంచి ఎస్.కోట దిగే బస్సులో పక్క సీటావిడ దగ్గర ఘాట్ రోడ్డు అయిపోయేలోపు వాళ్ళ ఊళ్ళో గజం ఎంత పలుకుతోందో, లోనుకి బ్యాంకు వాళ్ళు ఎన్నిసార్లు తిప్పించుకున్నారో మొత్తం లాగేస్తాను. మనుషులకి ఇల్లనేది ఎలా అమరుతుందన్నది నాకెప్పుడూ తీరని ఆరా. నాకు లేదు కాబట్టి అనుకుంటాను.

తమాషా ఏంటంటే, నా ఉద్యోగమే ఇళ్ళు కట్టించడం. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుని. సివిల్ డిప్లొమా చదివాను. సొంత ఇల్లు లేనివాళ్ళకి ప్రభుత్వం ఇల్లు మంజూరు చేస్తే, వాళ్ళని వాళ్ళ స్థలంలో నిలబెట్టి ఫోనుతో ఫోటో తీసి జియో ట్యాగ్ చేసేది నేనే. ఆ ఫోటోతోపాటు ఆ చోటు అక్షాంశాలూ రేఖాంశాలూ యాప్‌లోకి ఎక్కిపోతాయి. ఇక ఇల్లు అక్కడే లేవాలి. పునాది పూర్తయ్యాక, అంటే బేస్‌మెంటు దశలో, ఒక ఫోటో, పైకప్పు పడ్డాక ఇంకోటి. ఫోటో పడితేనే బిల్లు పడుతుంది. చోటు మారితే యాప్ ఒప్పుకోదు.

నేనుండేది మాత్రం అరకులో అద్దె గదిలో. అక్కడ కొనుక్కోవచ్చు కదా అంటారు విశాఖలో మా బంధువులు. అరకులో సెంటు ఎంతట, మాకూ ఒక ముక్క చూడు, మబ్బులు కనపడేలా ఉండాలి అని ఫోన్లు. ఏజెన్సీలో భూమి గిరిజనులు తప్ప ఇంకెవరూ కొనకూడదు, చట్టం ఉంది బాబూ అంటే, "ఎవరి పేరునో పెట్టుకుని కొనేస్తన్నారంట కదే" అని గుసగుస. కొనేవాళ్ళు ఎలా కొంటున్నారో నాకు తెలుసు, చెప్పను. మా ఇంటి ఓనరమ్మ గిరిజనురాలే, రిటైరైన టీచరు, మహా మంచావిడ. కానీ చలి మొదలైతే ఆవిడా మారిపోతుంది. మబ్బులు చూడ్డానికొచ్చే టూరిస్టులు నా గదికి ఒక్క రోజుకి ఇచ్చేది నేను నెలకిచ్చేదాంట్లో ఎంత భాగమో లెక్క చెప్పి, "ఈ మూడు నెలలూ ఎక్కడైనా సర్దుకోమ్మా" అంటుంది. ప్రతి చలికాలం నా ట్రంకుపెట్టె మా ఆఫీసు అటెండరు ఇంటి అటక మీదికి ఎక్కుతుంది. నేను ఎవరో ఒకరి గదిలో దూరతాను.

అందుకే ఆదివారాలు నేనూ మా ఆయనా ఘాట్ దిగువన లేఅవుట్లు చూసేవాళ్ళం. ఆయన విశాఖలో ఓ కంపెనీలో సూపర్‌వైజరు. జీడితోటలు కొట్టేసి, ఎర్రమట్టి రోడ్లు పోసి, ముందు ఓ ఆర్చి కట్టి రంగు జెండాలు పాతిన లేఅవుట్లు. కొత్తవలస దాటాక ఒకటి మాకు నచ్చింది. బ్రోకరు కుర్చీలేసి మజ్జిగ ఇచ్చాడు. "మొదటి ఇల్లు కదా, మేడంగారి పేరు మీద తీసుకోండి, వడ్డీలో రాయితీ వస్తాది. తూర్పు ముఖం ప్లాట్లు ఇక రెండే ఉన్నాయి." నేను రోజూ కొండల మీద చెప్పే మాటలే. మొదటి ఇల్లు, ఆడవాళ్ళ పేరు, రాయితీ. ఎదురు కుర్చీలో కూర్చుని వింటే అవే మాటలు ఎంత తియ్యగా ఉంటాయో అప్పుడే తెలిసింది.

ఆ ఏడు ఫాల్గుణంలో అనంతగిరి వైపు ఓ కొండ ఊరికి వెళ్ళాను. స్కూటీ రోడ్డు మీద పెట్టి అరగంట ఎక్కాలి. అక్కడ ఒకావిడకి ఇల్లు మంజూరైంది. నలభై ఏళ్ళుంటాయేమో, కాఫీ తోటల్లో కూలికెళ్తుంది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. మరిది ఇంటి పంచకి ఒక పక్క తడక కట్టుకుని అందులోనే వంట, అందులోనే పడక. మరిది చెడ్డవాడేం కాదు. కానీ కొడుక్కి పెళ్ళి కుదిరింది. "మావోడికి పెళ్ళాం వస్తాది. ఆ పంచ ఆళ్ళకి కావాల. వానలు మొదలయ్యేతలికి మేం లేచిపోవాల మేడం" అంది. ఏజెన్సీలో 'మేడం' అంటూనే 'నువ్వు' అంటారు, అందులో అమర్యాద ఏమీ లేదు. నేను 'అక్కా' అన్నాను.

ఆరోజు ఎండ మండిపోతోంది. ఇంకా మూడు ఊళ్ళు తిరగాలి. ఆవిడ వాలు మీద చింతచెట్టు దాటి పైకి చెయ్యి చూపించి ఏదో అంది. నేను ఫోను చూసుకుంటూ నడుస్తున్నాను. పైన సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. కిందకి దిగితే ఒక చోట రెండు గీతలు వచ్చాయి. పైన తీసి ఇక్కడికొచ్చి ఎక్కించొచ్చు, కానీ మళ్ళీ ఎక్కి దిగే ఓపిక లేదు. "అక్కా, ఇక్కడికి రా. ఇక్కడ నిలబడు. ఇటు చూడు, కదలకు." నిలబడింది. క్లిక్. అప్‌లోడ్ అయిపోయింది. బేగి అయిపోయిందని సంబరంగా దిగిపోయాను.

చైత్రం వచ్చింది. విత్తనాలకి పూజ చేసి మగవాళ్ళు వేటకెళ్ళే ఇటుకల పండగ అయ్యేదాకా ఆ కొండల్లో ఎవరూ పనికి రారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి బళ్ళు ఆపుతారు, చిల్లరిస్తేనే వదులుతారు. నేనూ ఇచ్చాను. పండగైపోయింది, ఈవిడ మాత్రం పునాదికి గునపం కూడా ఎత్తలేదు. నెలాఖరులోగా బేస్‌మెంటు ఫోటో ఎక్కకపోతే మంజూరు రద్దయి వేరే వాళ్ళకి పోతుందని పై ఆఫీసు నుంచి మెసేజీ. అప్పటికి ఇంకా మూడు వారాలున్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఎక్కి వెళ్ళి నిలదీశాను.

"ఏటి అక్కా ఇది? ఇల్లు వద్దా నీకు?"

"కావాల."

"మరి?"

"నేల ఇంకా సెప్పలేదు."

నా కోపం అక్కడే చల్లారి ఆరా మొదలైంది. నేల చెప్పడం ఏంటి? వాళ్ళ ఊళ్ళో మంచిరోజులు పెట్టే ముసలాయన్ని దిసారి అంటారు. నేను తాత అనేదాన్ని. ఆయనే చెప్పాడు. ఇల్లు కట్టే చోట చిన్న వృత్తంలా పేడతో అలుకుతారు. విరగని బియ్యపు గింజలు జంటలు జంటలుగా, ఒకదాన్నొకటి ఆనించి పెడతారు. అడ్డాకు దొప్ప బోర్లిస్తారు. పొద్దున్నే తీసి చూస్తారు. పెట్టినవి పెట్టినట్టుంటే నేల రమ్మన్నట్టు. చెదిరితే వద్దన్నట్టు.

"వద్దంటే?"

"ఇంకో చోటు అడుగుతాం."

ఎంత బాగుందో! నేను ప్లాటుకి లింకు డాక్యుమెంట్లు అడిగాను, అప్రూవల్ అడిగాను, దక్షిణాన శ్మశానం ఉందా అని కూడా అడిగాను. నేలని అడగాలని నాకు తట్టనే లేదు. ఆ సాయంత్రమే నేను ట్యాగ్ చేసిన చోట గింజలు పెడతామంటే ఉండిపోయాను. తాత చేతులు వణుకుతున్నాయి గానీ గింజలు పెట్టేటప్పుడు మాత్రం వణకలేదు. ఏడు జంటలు. దొప్ప బోర్లించి, అంచుల చుట్టూ పేడ అద్దాడు. పొద్దు కొండ మీద ఉండగానే అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. నేనూ కిందకి బయల్దేరాను.

పది అడుగులు వేశాను. కాలు ఆగిపోయింది.

పొద్దున్న తీసేటప్పుడు నేనుండను కదా. నిజంగా కదులుతాయా? చీమలు లాగుతాయా? నేల అదురుతుందా? ఒక్క ఫోటో తీసుకుని దాచుకుంటే, రేపు వాళ్ళు చెప్పేదాంతో పోల్చుకోవచ్చు. ఇంజినీరింగ్ బుద్ధి! అటూ ఇటూ చూసి వెనక్కొచ్చి దొప్ప పట్టుకున్నాను. పచ్చి పేడకి అంచు అంటుకుపోయింది. లాగాను, ఊడి వచ్చింది. ఫోటో తీశాను. మళ్ళీ బోర్లించి వేలితో పేడ సర్దాను. స్కూటీ దగ్గరికి వచ్చాక ఫోటో పెద్దది చేసి చూశాను. ఒక జంటలో రెండు గింజలూ విడిపోయి ఉన్నాయి.

నేను ఎత్తకముందే విడిపోయాయా, నేను లాగిన విసురుకి విడిపోయాయా? ఈ రోజుకీ నాకు తెలీదు.

మర్నాడు ఆఫీసులో ఉండగా అక్క ఫోను. ఆ ఊళ్ళో ఫోను పలకాలంటే సిగ్నల్ ఉన్న ఆ చోటికే దిగి రావాలి. అక్కడే నిలబడి, "ఈ చోటు వద్దంది మేడం" అని చెప్పింది. గొంతులో ఏడుపేమీ లేదు. "మళ్ళీ అడగడానికి మంచిరోజు ఎప్పుడు?" అన్నాను. రెండు వారాలు పోవాలట. వేరే చోటు అడిగినా యాప్ ఒప్పుకోదు. ఒప్పుకున్నా పునాదికి టైం ఉండదు. ఇల్లు పోయినట్టే.

రాత్రి మా ఆయనకి ఫోన్లో చెప్పాను. మొదట నవ్వాడు. "గింజలు కదిలితే నీకేటే?" తర్వాత నా గొంతు విని తగ్గాడు. "ఎవరికీ చెప్పకు. బదిలీకి పెట్టుకున్నావు. ఇప్పుడు కొత్త తలనొప్పి తెచ్చుకోకు. ఆదివారం ప్లాటుకి అడ్వాన్సు ఇవ్వాలి, గుర్తుందా?" గుర్తుంది. బదిలీ వస్తే కొండ దిగొచ్చు, ఇద్దరం ఒకచోట ఉండొచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. అన్నం సహించలేదు. నా పాడు ఆరా ఒక మనిషిని రోడ్డు మీద పడేసింది. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

అయిదో రోజు ఎక్కి వెళ్ళాను. అక్కా, తాతా ఇద్దరూ పంచలో ఉన్నారు. నిలబడే చెప్పేశాను. దొప్ప ఎత్తింది నేనే, గింజ కదిలింది నా వల్లేనేమో అని. ఫోటో కూడా చూపించాను.

తాత ఫోటో కేసి చూడనేలేదు. "తెల్సు. పేడ మీద నీ ఏలి గుర్తుంది. మా ఊళ్ళో అంత సన్నటి ఏళ్ళు ఎవరికున్నాయి?" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. "మరి తెలిసీ వద్దందని ఎందుకన్నారు? ఆ లెక్క చెల్లదు కదా! మళ్ళీ అక్కడే పెట్టొచ్చు కదా!"

తాత అక్క వైపు చూశాడు. అక్క చేట కింద పెట్టింది. అంతవరకూ ఆవిడకి కోపం వస్తుందని నేనెరగను.

"ఆ సోటు మేం అడిగింది కాదు మేడం. నీ ఫోను అడిగింది. నేను సింతసెట్టు పైన సూపించాను, నువ్వు ఇనలేదు. ఇక్కడ నిలబడు అన్నావు, నిలబడ్డాను. ఆఫీసరువి కదా. నీ యాప్ ఒప్పుకోదంట, ఇల్లు పోద్దంట, సరే, నేల రమ్మంటే అక్కడే కడదాం అనుకుని గింజలేయించాను. నువ్వే కదిపావో నేలే కదిపిందో, కదిలాయి కదా. నాకు పేనం లేచొచ్చింది."

"ఎందుకక్కా? ఆ చోటుకేం?"

"వానొస్తే కొండ నీళ్ళన్నీ ఆ దారినే దిగుతాయి. నా పిల్లల్ని నీళ్ళలో పడుకోబెట్టమంటావా?"

నేను సివిల్ చదివాను. వాలు ఎటుందో, నీళ్ళు ఎటు పోతాయో చూడ్డం మాకు నేర్పే మొదటి పాఠం. ఎండాకాలంలో పొడిగా ఉన్న ఆ పల్లం ఒక వాగు అని, రాళ్ళు గుండ్రంగా అరిగి ఉన్నాయని, ఆ రోజు తల ఎత్తి చూసి ఉంటే నాకే తెలిసేది. గింజలు కదులుతాయా లేదా అని చూడ్డానికి దొంగలా వెనక్కొచ్చిన దాన్ని, ఆవిడ చెయ్యి చూపించినప్పుడు చూడలేదు. అన్నీ అడిగే నేను అడగాల్సిన ఒక్క మాటా అడగలేదు.

"మరి ఇల్లు పోనీ అనుకున్నావా?" అని అడిగాను.

"పోతే పోద్ది. ఏటి సేస్తాం" అని మొహం తిప్పుకుంది. అప్పుడు చూశాను, ఏడుస్తోంది.

ఆ రాత్రే అర్జీ రాశాను. స్థలం ట్యాగ్ చేయడంలో పొరపాటు నాదే, లబ్ధిదారు చూపించిన చోటు కాక సిగ్నల్ కోసం వేరే చోటు ట్యాగ్ చేశాను, సరిదిద్దడానికి అనుమతి ఇవ్వండి అని. పై ఆఫీసరు చదివి కళ్ళజోడు తీశాడు. "లబ్ధిదారే మాట మార్చిందని రాయొచ్చు కదమ్మా? అందరూ అలాగే రాస్తారు. ఇలా అయితే మీకు మెమో ఇవ్వాల్సొస్తుంది, రికార్డులో పడుతుంది." భయమేసింది. నిజం చెప్తున్నాను, ఆ కాగితం వెనక్కి లాక్కుందామని చెయ్యి కదిలింది కూడా. కానీ మాట మార్చినావిడకి మంజూరు సరిదిద్దుతారా, రద్దు చేస్తారా? అడిగాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని వేరే ఫైలు తీశాడు. కాగితం అక్కడే వదిలేశాను.

మెమో వారంలోపే వచ్చింది. అనుమతి దాని తర్వాత రెండు రోజులకి వచ్చింది. ఆ ఏడు బదిలీల జాబితాలో నా పేరు లేదు. దీని వల్లేనా అంటే ఏమో. మా ఆయన రెండు రోజులు ఫోనెత్తలేదు.

తాత చెప్పిన మంచిరోజు కూడా సరిగ్గా అప్పుడే పడింది. చింతచెట్టు పైన గింజలు పెట్టారు. ఆరోజు నేను చీకటి పడకముందే కొండ దిగిపోయి, స్కూటీ తాళం తిప్పి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. పొద్దున్నే అక్క ఫోను. "ఏడు జంటలూ అలాగే ఉన్నాయి మేడం!" ఆఫీసులో అందరూ చూస్తుండగా ఎగిరి గంతేశాను.

నెలాఖరుకి అయిదు రోజులు. నేను చెప్పిన లెక్క ప్రకారం అది అయ్యే పని కాదు. ఆ ఊళ్ళో వాళ్ళు నా లెక్క అడగలేదు. తెల్లారేసరికి ఊరంతా వచ్చి వరసలో నిలబడి, వాగులోంచి పైకి చేతులు మార్చుకుంటూ రాళ్ళు ఎక్కించారు. సిమెంటు బస్తాలు కావిళ్ళ మీద ఎక్కాయి. పునాదికి ముగ్గు నేను పోశాను. చివరి రోజు మధ్యాహ్నానికి బేస్‌మెంటు లేచింది. ఫోటో తీద్దామంటే అక్క ఇటు తిరగదు.

"అక్కా, ఫోను కేసి చూడు."

"ఉండు మేడం. నా ఇల్లు సూసుకుంటన్నాను."

మూడుసార్లు బతిమాలితే తిరిగింది. అప్‌లోడ్ చెయ్యాలంటే సిగ్నల్ కావాలి కదా. ఫోను పట్టుకుని వాలు దిగి ఆ పాత చోటికే వెళ్ళి నిలబడ్డాను. ఫోటో ఎక్కేదాకా కిందున్న గుండ్రటి రాళ్ళు చూస్తూనే ఉన్నాను.

ఆ ప్లాటు అడ్వాన్సు ఇవ్వలేదు. బ్రోకరు ఫోను చేస్తే, "వాన పడ్డాక వచ్చి చూస్తానండీ" అన్నాను. "వానలో సైటు ఎవరు చూస్తారు మేడం, కాళ్ళు బురదవుతాయి" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంకా అద్దె గదిలోనే ఉన్నాను, చలికాలం వస్తే పెట్టె అటకెక్కుతుంది.

జ్యేష్ఠం చివర మొదటి పెద్ద వాన కురిసింది. రెండో రోజు ఆ చోటి గట్టు మీంచి అక్క ఫోను, వెనకాల హోరు. "మేడం, ఓపాలి రా. నీ సోటు సూద్దువు గాని."

రెయిన్‌కోటు వేసుకుని ఎక్కాను. చింతచెట్టుకి దిగువన, ఆవిణ్ణి నిలబెట్టి కదలకు అన్న చోట, ఎర్రటి నీళ్ళు నా నడుం ఎత్తున దూకుతున్నాయి. రాయి మీద రాయి దొర్లుతున్న చప్పుడు కాళ్ళలోకి తెలుస్తోంది. నేను ఇచ్చిన ప్లానులో పడకగది ఇక్కడే. తలుపు అటువైపు. పిల్లలు తల ఇటు పెట్టి పడుకునేవాళ్ళు. గదులన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

పైనుంచి కేక. మరిది ఇంటి పంచ ఖాళీ చేసి వచ్చేశారు. గోడలు సగం వరకే లేచాయి, పైకప్పు లేదు, నాలుగు వెదుళ్ళ మీద నీలం పరదా కట్టి ఉంది. దాని కింద పిల్లలిద్దరూ పొయ్యి ఊదుతున్నారు. నేల పొడిగా ఉంది. అక్క గుమ్మం ఉండాల్సిన చోట నిలబడి రెండు చేతులూ ఊపుతోంది.

"అక్కడేటి సూస్తావు మేడం, తడిసిపోతన్నావు! బేగి ఇంట్లోకి రా!"